నీహారికల లోతు

న్యూయార్కు నగరంలోని హేడెన్ ప్లానెటేరియం 2000 ఫిబ్రవరిలో కొత్త భవనంలో తిరిగి తెరుచుకుంది. ఆ రోజుల్లో అక్కడ వేసిన చిత్రంలో ప్రేక్షకులు ఒరాయన్ నీహారిక లోపలికి ప్రయాణం చేస్తారు. మన మృగశిర ఉన్న నక్షత్రమండలంలోనే ఈ నీహారిక కూడా ఉంది. ఎర్రని వాయువుల లోయ, అటూ ఇటూ గోడలు, నడుమ వెలుగుతున్న పసి నక్షత్రాలు. 2010లో ఐమాక్స్ తెర మీదికి వచ్చిన "హబుల్ త్రీడీ"లోనూ, 2018లో నాసా విడుదల చేసిన మరొక చిత్రంలోనూ ఇదే ప్రయాణం మరింత నాణ్యంగా కనబడుతుంది. చూసి ముగ్ధులు కానివారు అరుదు. నేనూ అయ్యాను. ముగ్ధత తీరాక మాత్రం ఒక సందేహం మిగిలిపోయింది. ఆ నీహారిక మనకు సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మానవజాతి దానిని ఇంతవరకు ఒక్క వైపు నుంచే చూసింది. మరి ఆ పక్క గోడలు ఎక్కడివి? కొలిచినవా, కల్పించినవా?

సమాధానం కోసం వెదుకుతూ పోతే రెండు శతాబ్దాల పైచిలుకు చరిత్ర బయటపడింది. నాకు అర్థమైనంత మేరకు దానిని ఇక్కడ చెబుతాను. లెక్కలను వీలైనంత దూరంగా ఉంచుతాను, ఒకటి రెండు చోట్ల మాత్రం తప్పదు.

ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. మనకు రెండు కళ్ళు ఉండబట్టి లోతు తెలుస్తుంది. ఖగోళ శాస్త్రజ్ఞులకు కూడా ఒక విధంగా రెండు కళ్ళున్నాయి. భూమి జనవరిలో ఉన్న చోటికీ, జూలైలో ఉన్న చోటికీ మధ్య 30 కోట్ల కిలోమీటర్ల ఎడం ఉంది. ఆ రెండు చోట్ల నుంచి చూసి నక్షత్రాల దూరాలు కొలుస్తారు. కాని వీణా మండలంలో, అభిజిత్తుకు కొద్ది దూరంలో కనిపించే వలయ నీహారికనే తీసుకోండి. దాని దూరం దాదాపు 2,500 కాంతి సంవత్సరాలు, వెడల్పు ఇంచుమించు ఒక కాంతి సంవత్సరం. ముందరి అంచుకూ వెనుక అంచుకూ దూరంలో ఉన్న తేడా మొత్తం దూరంలో రెండున్నర వేలవ వంతు మాత్రమే. 30 కోట్ల కిలోమీటర్ల ఎడమున్న కళ్ళు కూడా ఆ తేడాను పట్టలేవు. నీహారికల విషయంలో మనమందరమూ ఒంటికంటి వాళ్ళమే.

దానికి తోడు నీహారిక చాలావరకు పారదర్శకమైనది. కొండకు ముందువైపు మాత్రమే కనబడుతుంది, వెనుకవైపు దాగి ఉంటుంది. నీహారికలో ముందరి పొర కాంతీ, వెనుక పొర కాంతీ కలిసి ఫోటోలో ఒకే చుక్క మీద పడతాయి. మన చేతికి వచ్చేది మొత్తం మాత్రమే, కూడిన అంకెలు రావు. మొత్తం పది అని తెలిసినంత మాత్రాన అది ఏడూ మూడూ కలిపినదా, అయిదూ అయిదూ కలిపినదా అని ఎవరు చెప్పగలరు? ఒకే బొమ్మకు సరిపోయే ఘనరూపాలు లెక్కకు మిక్కిలిగా ఉంటాయి. అందులో అసలుదేదో తేల్చడమే ఈ కథ అంతా.

వలయ నీహారికను 1779 జనవరిలో ఫ్రాన్సులో మెస్యే చూశాడు. ఇంచుమించు ఆ రోజుల్లోనే టులూజ్ నగరవాసి డార్కియే కూడా చూశాడు. వెలుగు మాసిపోతున్న గ్రహంలా ఉందని డార్కియే రాసుకున్నాడు. విలియం హెర్షెల్ 1785లో దానిని చిల్లు పడిన నీహారికగా వర్ణించి, నక్షత్రాలు వలయాకారంలో పేర్చినట్టు ఉందనుకున్నాడు. తగినంత పెద్ద దూరదర్శిని ఉంటే నీహారికలన్నీ విడివిడి నక్షత్రాలుగా విడిపోతాయన్నది ఆనాటి నమ్మకం. 1790 నవంబరులో ఆయన కంటబడిన మరొక నీహారిక ఆ నమ్మకాన్ని కదిలించింది. సరిగ్గా నడిమధ్యన ఒకే ఒక్క నక్షత్రం, చుట్టూ పలుచని వెలుగు. ఈ వెలుగు నక్షత్రాలది కాదు, ఏదో ప్రకాశించే పదార్థానిది అని హెర్షెల్ అభిప్రాయం మార్చుకున్నాడు. దీన్ని నేను మొత్తం చరిత్రలో పెద్ద మలుపుగా భావిస్తాను. ఎందుకంటే, నడిమధ్యన ఉన్న నక్షత్రానికీ చుట్టూ ఉన్న వెలుగుకూ సంబంధం ఉందనడం ఘనరూపాన్ని గురించి చేసిన ప్రతిపాదన. నక్షత్రం ముందో వెనుకో యాదృచ్ఛికంగా లేదు, లోపలే ఉంది అని చెప్పడమన్నమాట.

హెర్షెల్ ఊహకు రుజువు 1864 ఆగస్టు 29న దొరికింది. లండన్ సమీపంలో విలియం హగ్గిన్స్ తన దూరదర్శినికి వర్ణపటదర్శిని బిగించి, పిల్లికన్ను నీహారికగా ఇప్పుడు పేరుపడిన ఎన్.జి.సి. 6543ను చూశాడు. నక్షత్రమైతే ఇంద్రధనుస్సు లాంటి అవిచ్ఛిన్నమైన పట్టీ కనబడాలి. ఆయనకు కనబడింది ఒంటరి గీత. పలుచని వాయువు మాత్రమే అలా వెలుగుతుంది. ఆ గీత ఏ మూలకానిదో అరవై ఏళ్ళకు పైగా ఎవరికీ అంతుబట్టలేదు. "నెబ్యులియం" అనే కొత్త మూలకాన్నే కల్పించుకున్నారు. చివరికి 1927లో ఐరా బోవెన్ అది రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న మామూలు ప్రాణవాయువే అని తేల్చాడు. ఆ గీత తరంగదైర్ఘ్యం 5007 ఆంగ్‌స్ట్రాములు. ఈ అంకెను గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరపడుతుంది.

ఇక ఆకారం సంగతి. వలయంలా కనబడేది నిజంగా ఏమై ఉండవచ్చు? మొదటిది చిల్లుగారె. దాన్ని పైనుంచి చూస్తే వలయం. రెండవది సబ్బుబుడగ. దాని పొర మధ్యలో చూపుకు అడ్డంగా, పలుచగా ఉంటుంది, అంచుల్లో చూపు వెంట చాలా దూరం సాగుతుంది. అందువల్ల అంచులే ప్రకాశవంతంగా కనిపిస్తాయి. మూడవది రెండు వైపులా తెరిచి ఉన్న గొట్టం, దాని కన్నంలోకి చూస్తున్నాం. మూడింటికీ ఫోటో ఒకటే. బుడగ అనుకుంటే మధ్యభాగం ఎంత మసకగా ఉండవచ్చో లెక్క కట్టవచ్చు. గారె అనుకుంటే, ఆకాశంలో ఇటువంటివి ఎన్నో ఉన్నాయి గనుక, కొన్నయినా పక్కనుంచి సన్నని బద్దలా కనబడి తీరాలి.

బొమ్మ గుండ్రంగా ఉండి, అసలు వస్తువు కూడా అన్ని వైపులా ఒకే తీరున ఉందని ఒప్పుకుంటే గణితం సాయపడుతుంది. నార్వే గణితవేత్త ఆబెల్ 1826లో ప్రచురించిన సమీకరణం దీనికి సరిగ్గా సరిపోతుంది. ఆయన దానిని నీహారికల కోసం రాయలేదు, అది వేరే విషయం. సూత్రం ఉల్లిపాయ ఒలవడం లాంటిది. అంచుకు చివరనున్న చూపు బయటి పొర గుండా మాత్రమే వెళుతుంది గనుక ఆ పొర వెలుగు తెలిసిపోతుంది. దానిని తీసివేస్తే రెండవ పొర, ఆ తరువాత మూడవది. కాని ఆ "ఒప్పుకుంటే" అన్న మాట దగ్గరే అసలు పేచీ. నీహారికలు ఉల్లిపాయల్లా ఉండే బాధ్యతేమీ తీసుకోలేదు.

కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలలో హీబర్ కర్టిస్ 1918లో ప్రచురించిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. క్రాస్లీ దూరదర్శినితో 78 గ్రహ నీహారికలను పరిశీలించి బొమ్మలు గీశాడు. ఫోటో ఫలకం ప్రకాశవంతమైన భాగాన్నీ మసక భాగాన్నీ ఒకేసారి పట్టలేదు. అందుకని ఒక్కొక్క దానికి పొట్టివీ పొడుగువీ ఎన్నో ఎక్స్‌పోజర్లు తీసి, అన్నింటినీ కలిపి చేత్తో చిత్రించాడు. ఒక మనిషి కన్ను, చెయ్యి, ఓపిక కలిసి చేసిన పని అది. అయితే ఆ సంపుటంలోనే మరొక వ్యాసం ఉంది, భవిష్యత్తు దాంట్లో ఉంది. కాంప్‌బెల్, మూర్ అనే ఇద్దరు నీహారికల వర్ణపటాలు తీసి, గీతలు నిటారుగా లేవని గమనించారు. కొన్ని వంగి ఉన్నాయి, కొన్ని మధ్యలో రెండుగా చీలి ఉన్నాయి.

గీత ఎందుకు చీలుతుంది? మనవైపు వచ్చే వాయువు కాంతి కొద్దిగా నీలానికి, దూరంగా పోయే వాయువు కాంతి కొద్దిగా ఎరుపుకు జరుగుతుంది. డాప్లర్ చెప్పిన సూత్రమే. నీహారిక వ్యాకోచిస్తుంటే ముందరి పొర మనవైపు వస్తుంది, వెనుక పొర అవతలికి పోతుంది. సెకనుకు 20 కిలోమీటర్ల వేగానికి 5007 ఆంగ్‌స్ట్రాముల గీత జరిగేది ఆంగ్‌స్ట్రాములో మూడవ వంతు. అంత కొంచెమే. కాని ఆ కొంచెంతోనే, ఫోటోలో ఒకే చుక్క మీద కలిసిపోయిన ముందరి పొరా వెనుక పొరా వర్ణపటంలో విడిపోయాయి! ఏడూ మూడూ, అయిదూ అయిదూ అని ఇందాక తలపట్టుకున్నాం. ఆ అంకెలు ఇప్పుడు వేరువేరుగా చేతికొచ్చాయి.

వేగం తెలిస్తే లోతు తెలిసినట్టేనా? ఒక షరతు మీద తెలిసినట్టే. తిరునాళ్ళు ముగిసి జనమంతా ఒకే క్షణాన గుడి దగ్గర బయలుదేరి నలుదిక్కులకూ నడిచారనుకోండి. గంట తరువాత ఎవరు ఎంత దూరంలో ఉంటారు? ఎవరి నడక ఎంతో అంత దూరంలో. గంటకు ఆరు కిలోమీటర్లు నడిచేవాడు ఆరు కిలోమీటర్ల దూరాన, మూడు నడిచేవాడు మూడింటి దగ్గర. వాళ్ళను చూడనవసరం లేదు, నడక వేగం చెబితే చాలు. నీహారిక పదార్థం కూడా ఒకే కాలంలో ఒకే చోటు నుంచి బయలుదేరి ఉంటే, మన చూపు వెంట దాని వేగమే దాని లోతు.

ఆ షరతు ఎంతవరకు నిజమో పరీక్షించిన వారిలో ముఖ్యుడు మౌంట్ విల్సన్ వేధశాలకు చెందిన ఓలిన్ విల్సన్. 1950లో ఆయన ప్రచురించిన పరిశీలనలో ఒక క్రమం బయటపడింది. నడిమి నక్షత్రానికి దగ్గరగా ఉండే, ఎక్కువ ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువులు నెమ్మదిగా కదులుతున్నాయి. దూరంగా ఉండేవి వేగంగా కదులుతున్నాయి. మన తిరునాళ్ళ జనంలాగే. ఈ విల్సన్ పేరు మన వైపు వారికి వేరే కారణంగా తెలిసి ఉండాలి. హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ ఉపకారవేతనంతో అమెరికా వెళ్ళిన వేణు బప్పు ఈయనతో కలిసి చేసిన పనే 1957 నాటి విల్సన్-బప్పు ప్రభావం. బప్పు తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసేవారు. నక్షత్రపు వర్ణపటంలో కాల్షియం గీత వెడల్పును బట్టి దాని నిజమైన ప్రకాశాన్నీ, దాని ద్వారా దూరాన్నీ తెలుసుకోవచ్చునన్నది ఆ ప్రభావం సారం. అదీ ఒక గీత నుంచి లోతు పిండడమే. ఇద్దరికీ ఒకే రకం రుచి ఉండేదని నాకనిపిస్తుంది.

ఈ పద్ధతికి అన్నిటికంటే గట్టి ఉదాహరణ వృషభరాశిలోని క్రాబ్ నీహారిక. 1054 జూలైలో చైనా వారు నమోదు చేసిన "అతిథి నక్షత్రం" పేలిన చోటు. 1909లో తీసిన ఫలకాన్నీ, 1921 నాటి ఫలకాన్నీ పక్కపక్కన పెట్టి జాన్ డంకన్ అది వ్యాకోచిస్తోందని చూపాడు. 1928లో హబుల్ ఆ వేగంతో వెనక్కు లెక్కకట్టి, దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ వయసు తేల్చి, చైనా వారి నక్షత్రంతో ముడిపెట్టాడు. 1968లో వర్జీనియా ట్రింబుల్ అనే విద్యార్థిని వేర్వేరు సంవత్సరాల ఫలకాల మీద వందకు పైగా వాయుతంతువులను ఒక్కొక్కటిగా కొలిచింది. ఏది ఎటు, ఎంత కదిలిందో లెక్కించి వెనక్కు నడిపితే అన్నీ ఇంచుమించు ఒకే చోటుకు చేరాయి. కాని చేరిన సంవత్సరం 1054 కాదు, 1140 ప్రాంతం! తిరునాళ్ళ జనం దారిలో నడక పెంచారన్నమాట. ఇప్పటి వేగం మొదటి వేగం కన్న ఎక్కువ గనుక, వెనక్కు లెక్కిస్తే ప్రయాణకాలం తక్కువగా తేలుతుంది. లోపల ఏదో ఆ తంతువులను నెడుతోంది. ఆ నెట్టేది నీహారిక నడుమ సెకనుకు ముప్పైసార్లు తిరుగుతున్న పల్సార్. దానిని కనిపెట్టిందీ 1968లోనే. ఆకారాన్ని ఓపికగా కొలవబోతే చరిత్ర కూడా దొరికిందనడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తెలియదు.

2021లో మార్టిన్, మిలిసావ్‌ల్యెవిచ్, డ్రిస్సెన్ హవాయిలోని ఒక దూరదర్శినికి అమర్చిన సిటెల్ అనే పరికరంతో అదే నీహారికను మళ్ళీ కొలిచారు. ఈ పరికరం బొమ్మలో ప్రతి చుక్కకూ విడిగా వర్ణపటం ఇస్తుంది. నాలుగు లక్షలకు పైగా బిందువులకు మూడు దిక్కుల స్థానాలు లభించాయి. వాటిని పేరిస్తే లోపల తేనెతుట్టె లాంటి నిర్మాణం కనబడింది. ఆ నమూనాను తిప్పి పక్కనుంచి చూపితే, ఆ చూపు చాలావరకు కొలతే.

"చాలావరకు" అని ఎందుకన్నానంటే, ఇక్కడా ఒక మెలిక ఉంది. వేగాన్ని లోతుగా మార్చాలంటే ఒక కొలబద్ద కావాలి. అడ్డంగా కొలిచినవి ఆకాశం మీద కోణాలు, లోతుకు కొలిచినవి సెకనుకు కిలోమీటర్లు. రెండింటినీ కలపాలంటే నీహారిక దూరం తెలియాలి. లేకపోతే అది ఎంత వెడల్పో సుమారు అంత లోతని అనుకోవాలి. అంటే నమూనాలో మడతలూ గుంటలూ నిజమైనా, మొత్తం వస్తువు కాస్త సాగి ఉండవచ్చు, కాస్త నొక్కుకుపోయి ఉండవచ్చు.

ఒరాయన్ నీహారిక దగ్గర ఈ విద్య పారదు. అక్కడ పేలుడూ లేదు, తిరునాళ్ళూ లేదు. అదొక నల్లని వాయుమేఘానికి మనవైపున్న చర్మం. నక్షత్రాల అతినీలలోహిత కిరణాలు పడి ఆ చర్మం కాలి వెలుగుతోంది. 1973, 1974లలో జుకర్‌మన్, బాలిక్ తదితరులు ఈ చిత్రాన్ని ప్రతిపాదించారు. మరి లోతు ఎలా తెలియాలి? 1995లో వెన్, ఓడెల్ ఒక చక్కని దారి పట్టారు. దీపం దగ్గరి గోడ ఎక్కువ వెలుగుతుంది, దూరపు గోడ తక్కువ వెలుగుతుంది. కనుక ఒక్కొక్క చోట హైడ్రోజన్ వెలుగును కొలిస్తే, అక్కడి ఉపరితలం ముఖ్యమైన నక్షత్రానికి ఎంత దూరమో చెప్పవచ్చు. ఆ లెక్కతో నీహారిక ఒక కొండలోయలా, మెరకపల్లాలతో పటంగా తేలింది. ఫోటోలో కనబడే ప్రకాశవంతమైన కడ్డీ నిజానికి మన చూపు వెంట నిలువుగా లేచిన గోడ. శాన్ డియేగోలోని సూపర్ కంప్యూటర్ కేంద్రం వారు ఈ పటాన్నే తీసుకుని, హబుల్ రంగులు పరచి, హేడెన్ ప్లానెటేరియానికి ఆ ప్రయాణం తయారుచేశారు. నా మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరికింది. లోయ కొలిచినది. గోడల మీది నగిషీ మాత్రం ఫోటో నుంచి తెచ్చి పరచినది.

ఇంతలో కంప్యూటరు చిత్రకళ వారు కూడా రంగంలోకి దిగారు. జర్మనీలో మార్కస్ మాగ్నర్, సహచరులు 2004లో చూపిన పద్ధతిలో వర్ణపటాలతో పనిలేదు. నీహారిక ఒక ఇరుసు చుట్టూ సమంగా ఉందనుకుని, కంప్యూటరు ఒక ఆకారాన్ని ఊహిస్తుంది, దాని బొమ్మ గీస్తుంది, అసలు ఫోటోతో పోల్చి దిద్దుకుంటుంది. అలా వేలసార్లు. ఫలితం అందంగా ఉంటుంది, కాని పెట్టుబడిగా పెట్టిన ఇరుసును వెనక్కు ఇవ్వడం తప్ప అది కొత్తగా చెప్పేది తక్కువని నా అభిప్రాయం. మెక్సికోలోని ఎన్సెనాడాలో వోల్ఫ్‌గాంగ్ స్టెఫెన్, లోపెజ్ 2006లో పరిచయం చేసిన "షేప్" నాకు ఎక్కువ నచ్చింది. అందులో శాస్త్రజ్ఞుడు కుమ్మరిలా ఆకారాన్ని తానే మలుస్తాడు. అది ఫోటోకే కాక వేగపు వర్ణపటాలకు కూడా సరిపోవాలి. రెండు సాక్ష్యాలకూ ఒకేసారి నిలబడే అబద్ధం ఆడటం కష్టం.

మరి మన వలయం? 2013లో ఓడెల్ బృందం హబుల్ చిత్రాలనూ వేగాలనూ కలిపి ఇచ్చిన తీర్పు ప్రకారం అది గారే. కాని చిల్లు ఖాళీగా లేదు. పలుచని వాయువు కోలగా చిల్లులోంచి ముందుకూ వెనక్కూ పొడుచుకువచ్చింది. మనం దాదాపు ఆ ఇరుసు వెంటే చూస్తున్నాం. 2023లో వెబ్ దూరదర్శిని చిత్రాల్లో ఆ వలయంలో ఇరవై వేల వరకు చిక్కని ముద్దలూ, బయట సుమారు పది వంపుగీతలూ కనబడ్డాయి. ఆ గీతల మధ్య ఎడం 280 ఏళ్ళకు సరిపోతుంది. ఒక జంట నక్షత్రం తిరుగుతూ వాటిని గీసి ఉండాలంటున్నారు. దక్షిణ వలయ నీహారికను చాలాకాలం కోడిగుడ్డు లాంటి బుడగ అనుకున్నారు. 2000లో మోంటెయిరో తదితరులు డమరుకం ఆకారం కూడా, ఇంకా మెరుగ్గా, సరిపోతుందని చూపారు. 2022లో వెబ్ చిత్రాల ఆధారంగా అక్కడ కనీసం నాలుగు నక్షత్రాల జోక్యం ఉందని తేల్చారు. ఆకారం గారెనా, బుడగా, డమరుకమా అన్నది అలంకారపు ప్రశ్న కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. నక్షత్రం ఒంటరిగా చనిపోయిందా, పక్కన ఎవరైనా ఉన్నారా అన్నది ఆకారమే చెప్పాలి.

మరొక కారణం కూడా ఉంది. కాసియోపియా ఎ అనే పేలుడు శేషానికి ట్రేసీ డెలేనీ బృందం 2009, 2010లలో వేగాల ఆధారంగా ఘనరూపం తయారుచేసింది. తరువాత దాన్ని త్రీడీ ముద్రణలో అచ్చుతీసి చూపులేని వారి చేతికి అందించారు. మనం సినిమా చూసి నమ్మకం కుదరకపోతే ఫోటో తెచ్చి పోల్చుకుంటాం. వేళ్ళతో తడిమి తెలుసుకునే మనిషికి ఆ అవకాశం లేదు. ఏ గుంట కొలిచినదో, ఏది అచ్చు బాగా రావడానికి నింపినదో వారికి ఎవరో ఒకరు చెప్పాలి. ఇటువంటి నమూనాతో పాటు ఆ పట్టిక కూడా ఇవ్వాలని నేను గట్టిగా అనుకుంటాను. సినిమాలతో పాటు కూడా.

1995లో హబుల్ తీసిన "సృష్టి స్తంభాలు" ఎరుగని వారుండరు. 2015లో అన్నా మెక్లోడ్ బృందం చిలీలోని దూరదర్శినితో వాటి వేగాలను కొలిచి వరుస తేల్చింది. ఎడమ స్తంభం నిజానికి రెండు ముక్కలు. పై ముక్క నక్షత్రాల గుంపుకు వెనుక ఉండి మనవైపు వంగి ఉంది, మిగిలినవి గుంపుకు మనవైపున్నాయి. ఇంకో ముప్పై లక్షల ఏళ్ళలో అన్నీ ఆవిరైపోతాయి. 2024లో నాసా విడుదల చేసిన చిత్రం ఈ కొలతల మీద కట్టినదే, స్తంభాల మధ్య నుంచి మనల్ని నడిపిస్తుంది. ఏది ముందు, ఏది వెనుక అన్నంతవరకు నిశ్చింతగా చూడవచ్చు. కెమెరా స్తంభాల పక్కగా తిరిగి వీపు చూపించే చోట మాత్రం అది చిత్రకారుని పని, ఆ ధూళి వెనుక నుంచి మనకు చేరిన వెలుగు చాలా తక్కువ.